మూడు బొట్ల గుండు

రాళ్లు చూడడానికి ఆదివారం వ్యాన్‌లో పోదామని రాంచందర్ అన్నప్పుడు నిర్మల చేతిలోని అట్లకాడ పెనం మీదే ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి ఆమెను సినిమాకు తీసుకుపోయిందే తక్కువ. అదీ తన బట్టల దుకాణంలో గిరాకీ లేని ఎండాకాలంలో, పంకా కింద కూర్చోవచ్చని.

"రాళ్లా?" అన్నది.

"రాళ్లే. సారంగపాణి సార్ అని, హైస్కూల్ల డ్రాయింగ్ చెప్పి రిటైరైండు. ఆదివారం ఆదివారం ఆరేడు మందిని మెటాడోర్ల తీస్కపోయి ధర్మసాగర్ అవుతల గుట్టలు, గుండ్లు చూపిస్తాండు. పొద్దుమీకి పాలకుర్తి గుడి గూడ చూపెడ్తడట."

"డాబా ఎక్కితే పద్మాక్షి గుట్ట ఇంటికాన్నుంచే కనవడ్తది గదండి. రాళ్లకు వ్యానెందుకు?"

"నీకన్నీ అనుమానాలే" అని రాంచందర్ అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట నిజమే. అనుమానం నిర్మలకు పుట్టింటివాళ్లు పెట్టిన సొమ్ము లాంటిది, ఒంటి మీద నుంచి తీయదు. కూరగాయలామె తక్కెడ పళ్లెం తిప్పి అడుగున చింతపండు ముద్ద ఉందేమో చూస్తుంది. పాలచుక్క గోటి మీద వేసి జారనిస్తుంది. చుట్టపాయన వంట బాగుందంటే ఇంతకూ ఎందుకొచ్చాడా అని ఆలోచిస్తుంది. హనుమకొండ చౌరస్తాలో బేరగాళ్లు ఆమె వీధి మలుపులో కనిపిస్తే గంప నెత్తికెత్తుకుంటారు. అయితే అనుమానం మనుషులకు ఒక చిక్కుంది. వాళ్లు గడప అవతలే వెతుకుతారు, ఇవతల చూడరు.

ఆమె చూసినంతవరకు ఇంట్లో అనుమానించవలసిందేమీ లేదు. రాంచందర్ భయస్తుడు. రోజూ దుకాణం తెరవగానే గజంబద్దకు కుంకుమ బొట్టు పెట్టి కళ్లకద్దుకుని గాని గుడ్డ కొలవడు. ఒకసారి దుకాణంలోకి కుక్క దూరితే చేతిలో ఉన్న బద్దను మెల్లగా పక్కన పెట్టి, చెప్పు కోసం వెతికాడు. కుక్క ఈలోగా చీరల మీద పడుకున్నది.

కాబట్టి అనుమానమంతా సారంగపాణి సార్ మీద పెట్టుకుని, పాలకుర్తి సోమన్న కోసం ఒక కొబ్బరికాయ, పసుపు కుంకుమల భరిణె సంచిలో వేసుకుని, పులిహోర క్యారేజీలో సర్దుకుని నిర్మల వ్యాన్ ఎక్కింది.

వ్యాన్‌లో ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన, ఆయన భార్య ఉన్నారు. డ్రైవర్ వెనక సీట్లో నల్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కాళ్లు చాపి కూర్చున్నాడు. పేరు రాజేశ్వర్ రావు అని రాంచందర్ పరిచయం చేశాడు.

"నాకు రాళ్లంటే పిచ్చి చెల్లే" అన్నాడాయన నవ్వుతూ. నిర్మలకు ఆ నవ్వు బాగానే అనిపించింది. అన్నలేని మనిషి కనుక చెల్లె అన్న పిలుపుకు కాస్త మెత్తబడింది కూడా.

ధర్మసాగర్ చెరువు కట్ట దాటాక రోడ్డు ఎడ్లబండి బాట అయింది. అక్కడ దిగి నడిచారు. సారంగపాణి సార్ తెల్ల టోపీ, చేతికర్రతో ముందు నడిచాడు. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం చివరి బెంచీ వరకు వినిపించే గొంతు.

"ఇవి ఎవలూ పేర్చిన రాళ్లు కావు. కోట్ల ఏండ్ల కింద ఇదంత భూమి కడుపుల బెల్లం పాకం లెక్క ఉడికింది. సల్లారి గట్టిపడ్డది. మీది మన్ను వానకు కొట్టుకపోయేసరికి ఇగో, గిట్ల బయటవడ్డది. ఎండకు పగిలింది, వానకు అంచులరిగింది, గుండ్రమైంది. అగో, అది తాబేలు గుండు. మెడ చూడున్రి, బయటికి పెట్టింది."

నిజంగానే పెట్టింది. నిర్మల ఒక్క క్షణం అనుమానం మరిచి చూసింది. ఇంకో బండను సార్ చేతిలోని గులకరాయితో కొడితే గుడిగంటలా ఖంగుమన్నది. బ్యాంకాయన భార్య చప్పట్లు కొట్టింది.

కానీ మలుపు వచ్చినప్పుడల్లా సార్ జేబులోంచి సుద్దముక్క తీసి బండ మీద బాణం గీస్తున్నాడు. నిర్మల అది చూసింది. సరదాగా చూపించేవాడికి గుర్తులెందుకు?

రాజేశ్వర్ రావునూ చూసింది. అందరూ తల పైకెత్తి తాబేలునూ ఒంటెనూ వెతుకుతుంటే ఆయన వంగి రాళ్ల మొదళ్లు చూస్తున్నాడు. సీసాలోని తాగే నీళ్లు ఒక బండ మీద ఒంపి, అరచేత్తో తుడిచి, తడి చోట తేలిన రంగును నల్లద్దాలు తీసి మరీ చూశాడు. తర్వాత రాంచందర్ వైపు తల ఊపాడు. పిచ్చి అన్నాడు కదా, పిచ్చివాళ్లు ఏమైనా చేస్తారనుకుని నిర్మల మళ్లీ సుద్దముక్క వైపు తిరిగింది.

గుట్ట వెనక వైపు, చాప పరిచినట్టు పెద్ద పరుపుబండ ఉంది. దాని మధ్యలో ఒంటరిగా ఏనుగంత గుండు. మిగతావాళ్లు నీడకు కూర్చుని క్యారేజీలు విప్పబోతున్నారు. నిర్మల చేతులు కడుక్కుందామని గుండు వెనక్కు పోయి ఆగిపోయింది. రాతి మీద మనిషి ఎత్తున మూడు ఎర్రని బొట్లు వరుసగా ఉన్నాయి.

మనుషుల్ని అనుమానించడం వేరు, దేవతను అనుమానించడం వేరు. నిర్మల గబుక్కున చెప్పులు విప్పింది. ఏ తల్లో, ఏ పేరో, ఈ రాళ్లలో ఒక్కతే ఉందనుకున్నది. భరిణె తీసి బొట్ల చుట్టూ పసుపు రాసింది, కింద కుంకుమ అద్దింది. సోమన్న కోసం తెచ్చిన కొబ్బరికాయ సంచిలోనే ఉంది. సోమన్నకు గుడి ఉంది, పూజారి ఉన్నాడు, రోజూ కాయలు కొట్టేవాళ్లున్నారు. ఈ తల్లికి ఎవరున్నారని, బండ అంచుకు కొట్టి రెండు చిప్పలూ గుండు ముందు పెట్టి మొక్కింది. కళ్లు తెరిచేసరికి వెనక ఎవరో నిలబడి ఉన్నారు.

నెత్తిన కంది కట్టె మోపుతో ఒక ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. చీర కొంగు నడుముకు బిగించి ఉంది. మోపు దించకుండానే అడిగింది.

"ఎవల్ను మొక్కుతానవ్?"

"మీ దేవతనే అక్కా. ఏం పేరు తల్లిది?"

ఆమె మోపు దబ్బున బండ మీద పడేసింది. "ఈడ దేవత లేదు, గీవత లేదు. ఇది మా కళ్లం. మా అత్త కాన్నుంచి కందులు, పెసర్లు ఈడనే కొట్టుకుంటం. ఆ బొట్లు దసరా ముంగట ఎవలో పట్నపోళ్లు వచ్చి పెట్టిపోయిన మార్కు. గుండు లేపి, కింద పరుపు పలకలు పలకలు కోసుకపోతరట. మా వాడోళ్లు కట్టెలు పట్టుకునేసరికి డబ్బ, బురుసు ఆడనే పారేసి ఉరికిన్రు."

నిర్మల వేళ్లకు పసుపు అంటుకుని ఉంది. వాటిని కొంగుకు తుడుచుకోబోయి, తుడుచుకోవచ్చో లేదో తెలియక అలాగే ఉంచింది. చింతపండు ముద్ద కోసం పళ్లెం తిప్పే మనిషి పెయింటుకు కొబ్బరికాయ కొట్టింది.

"మీరు గూడ గా మందిలోళ్లేనా?" ఆమె చూపు నిర్మల చెప్పుల నుంచి మెడలోని గొలుసు దాకా పాకింది.

"ఛ! మేం ఊకె చూసిపోనీకె వచ్చినం."

"చూసిపోయినోళ్లే రేపు కొట్టుకపోనీకె వస్తరు. రాళ్లేంది, చూసుడేంది?"

ఆనాడు పెనం ముందు తాను అన్న మాటే. నిర్మలకు ఆమె మీద ఎక్కడలేని అభిమానం కలిగింది. "నీ పేరేంది?"

"సోమక్క."

"సోమక్కా, ఈ పసుపు చేత్తోని చెప్తాన. నీ బండ మీద మాకేం కన్ను లేదు. ఒట్టు."

సోమక్క నమ్మినట్టు లేదు. కానీ మోపు విప్పి కంది కట్టె పరవసాగింది. "టిఫినీలు ఆ కొసకు పోయి తినున్రి. మెతుకులు పడ్తె చీమలొస్తయి" అన్నది.

తిరిగి వ్యాన్ ఎక్కాక నిర్మల ఉండబట్టలేక అడిగేసింది. "సార్, ఆ సుద్ద బాణాలు ఎవల కోసం?"

సారంగపాణి వెనక్కు తిరిగాడు. "తోవ తప్పకుంట అమ్మా. పోయినసారి ఇద్దరు తప్పిపోయిన్రు."

"తోవ మాకా, మా ఎనుక రాళ్లు కొట్టనీకె వచ్చేటోళ్లకా? ఆ గుండు మీద ఎర్ర మార్కు ఎవలు పెట్టిన్రో మీకు తెల్వదా?"

వ్యాన్‌లో అందరూ గతుక్కుమన్నారు. సారంగపాణి టోపీ తీసి ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ఇడ్సిపెట్టు నిర్మలా, నీకెందుకు?" అన్నాడు రాంచందర్. చలికాలంలో రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నిర్మల ఆ సామెతను ఊళ్లో ప్రతివాడి మీదా వాడింది, పక్కసీటు మీద తప్ప. రాజేశ్వర్ రావు పెద్దగా నవ్వి, "చెల్లెకు రాళ్లల్ల గూడ దొంగలు కనవడ్తాన్రు" అన్నాడు.

పాలకుర్తిలో సోమన్న ముందు ఆమె వట్టి చేతులతో నిలబడి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం రాజేశ్వర్ రావు ఇంటికొచ్చాడు. నిర్మల చాయ్ కప్పులు పళ్లెంలో పెట్టుకుని ముందుగదికి వస్తూ, తలుపు తెర దగ్గర ఆయన గొంతు విని ఆగింది.

"పర్మిషన్ చేతికొచ్చింది రాంచందర్. మొత్తానికి చెల్లెను తీస్కచ్చుడే మంచిగైంది. ముందుగాల మావోళ్లు పోతె కట్టెలు పట్టుకుని ఎంటవడ్డరు. ఆడిమనిషి టిఫిన్ క్యారేజి పట్టుకుని దిగితె ఇగ ఎవడు అనుమానిస్తడు? రంగు నేను కండ్లారా చూసిన. ఫస్టు క్లాసు రాయి."

"నిర్మలకు ఏం తెల్వదు" అన్నాడు రాంచందర్.

"తెల్వకపోవుడే మంచిగైంది. మస్తు సహజంగున్నది."

నిర్మల లోపలికి వచ్చి చాయ్ పెట్టింది. వంటింట్లోకి పోయి పీట మీద కూలబడింది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఊరందరినీ అనుమానించిన మనిషిని ఊరివాళ్ల అనుమానం పోగొట్టడానికి వాడుకున్నారు. తూకం పళ్లాలన్నీ తిప్పి చూసింది గాని తానే చింతపండు ముద్దయి ఒక పళ్లెం కింద అంటుకుని ఉన్నానని తెలుసుకోలేదు.

రాజేశ్వర్ రావు పోయాక రాంచందరే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "రెడీమేడ్ వచ్చినంక దుకాణం ఏం నడుస్తాంది నిర్మలా? రావు సాబు భాగం ఇస్తానన్నడు. రాయి ఎగుమతి అయితది. గుట్ట సర్కారుది, ఎవని సొత్తూ కాదు."

"సోమక్క కళ్లం?"

"ఏ సోమక్క? బండలకేం కరువు, ఇంకోటి చూస్కుంటది." మెల్లగా అన్నాడు. "శుక్రారం పొద్దుగాల పని మొదలు. ముందుగాల దంపతులు రాయికి పూజ చెయ్యాలె. రావు సాబు ఇంట్ల మైల ఉన్నది, పెదనాయన పోయిండు. మనిద్దరం కూసోవాలె."

నిర్మల మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని రాంచందర్ అనుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె మాట్లాడకుండా ఉన్నదీ లేదు, అతనికి ఆ మౌనం అర్థం తెలిసే అవకాశమూ లేదు.

మర్నాడు ఆమె సారంగపాణి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిగోళ్లలో తెల్లపొడి ఇరుక్కుని ఉంది.

"సార్, తప్పయింది" అన్నది నిలబడే.

"తెల్సిందమ్మా. నిన్ననే ధర్మసాగర్ల ఎవలో చెప్పిన్రు." చేతులు చూసుకున్నాడు. "పోయి బాణాలన్ని తుడిచి వచ్చిన. ఏం ఫాయిద? చూడాల్సినోడు చూసే పోయిండు. నేను చూపెట్టిన తోవనే. మీ అనుమానం మనిషి తప్పింది గని, సంగతి తప్పలేదు. ఇగ ఎవర్నీ తీస్కపోను."

ఆమెకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. పడితే మరింత నొచ్చుకుంటాడనిపించి ఊరుకున్నది.

శుక్రవారం నిర్మల తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని రాజేశ్వర్ రావు పంపిన కారు ఎక్కింది. ఎందుకు పోతున్నదో ఆమెకే తెలియదు. పోకపోతే ఇంకో జంటను కూర్చోబెడతారు, అంతమాత్రం తెలుసు. ఒట్టు వేసింది తాను కనుక, అది పోయేదేదో తన కళ్లముందే పోనీ అనుకున్నదేమో.

పరుపుబండ మీద కంది కట్టె ఒక మూలకు నెట్టేసి ఉంది. సోమక్కా, వాడలోని మరికొందరూ దూరంగా నిలబడ్డారు. కాగితాలు ఉన్నాయని చెప్పాక వాళ్ల చేతుల్లో కట్టెలు లేవు. సోమక్క నిర్మలను చూసింది. తిట్టలేదు. 'చెప్పలేదా నేను' అన్నట్టు పక్కనున్నామె వైపు తిరిగింది. ఆ తిరగడం నిర్మలకు చెంపదెబ్బలా తగిలింది.

రాళ్లు కొట్టేవాళ్ల మేస్త్రి ఉప్పలయ్య సుత్తెలు, ఉలులు, గునపాలు కడిగి వరుసగా పెట్టి పసుపు రాస్తున్నాడు. ముసలివాడైనా చేతులు నల్లగా, గట్టిగా ఉన్నాయి. రాయి పనికి పంతులు అక్కర్లేదట, మేస్త్రే పూజ చేయిస్తాడు. ముత్తైదువ రాయికి బొట్టు పెట్టాలి, భార్యాభర్తలు కలిసి మొదటి దెబ్బ వేయాలి. తర్వాతే కూలివాళ్లు చెయ్యి పెడతారు.

"రాయి మనల్ని కోపం చేసుకోవద్దని తల్లీ" అన్నాడు ఉప్పలయ్య. "ముందుగాల అడిగి కొడ్తం. అడగకుంట కొట్టం."

నిర్మల పళ్లెం పట్టుకుని గుండు ముందుకు వచ్చింది. మూడు ఎర్రబొట్లు అలాగే ఉన్నాయి. వాటి చుట్టూ తాను రాసిన పసుపు ఎండి పెచ్చులు కట్టింది. కింద కొబ్బరిచిప్పలు చీమలు తినేయగా వట్టి టెంకలై ఉన్నాయి.

"పెట్టు తల్లీ బొట్టు."

"పెట్టిన" అన్నది నిర్మల.

"ఏది?"

"ఇగో. పోయిన ఆదివారమే పెట్టిన. పసుపు రాసిన, కుంకుమ పెట్టిన, కొబ్బరికాయ కొట్టి మొక్కిన. అగో చిప్పలు." పళ్లెం కింద పెట్టింది. "మొక్కిన చేత్తోనే కొట్టమంటాన్రా?"

ఉప్పలయ్య చేతిలోని సుత్తె ఆగింది. వంగి టెంక ఒకటి తీసి తిప్పి చూసి, దొరికిన చోటే పెట్టాడు.

"నిర్మలా!" అన్నాడు రాంచందర్.

"అది దేవత కాదు!" రాజేశ్వర్ రావు ముందుకొచ్చాడు. "పెయింటు! నా మనుషులేసిన మార్కు!"

"అయితె ఆనాడు ఉరికింది నీ మనుషులేనా?" అని దూరం నుంచి సోమక్క గొంతు వినిపించింది.

ఉప్పలయ్య రాజేశ్వర్ రావు వైపు చూడలేదు. నిర్మలనే చూస్తూ అడిగాడు. "తెలిసి మొక్కినవా తల్లీ, తెల్వక మొక్కినవా?"

అబద్ధం చెప్పే అవసరం లేనందుకు నిర్మలకు గుండె నిబ్బరం వచ్చింది. "తెల్వకనే మొక్కిన. దేవతే అనుకున్న. తెలిసి మొక్కితె నాటకమయ్యేది."

ముసలాయన సుత్తెను తలగుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. ఒక్కో ఉలీ తుడిచి దాని పక్కన చేర్చాడు.

"ఏందిది ఉప్పలయ్యా? బయానా తీస్కున్నవ్!"

"రేపు వాపస్ తెచ్చిస్త దొరా. మొక్కిన రాయి మీద సుత్తె ఏస్తె అది మల్ల మా మీదికే వస్తది. కూలి ఇస్తవు, పోయిన చెయ్యి ఇస్తవా?"

"ఇంకో మేస్త్రిని తెస్త!"

"తెచ్చుకో. ఈ మాట ఇన్నంక ఎవడొస్తడో నేనూ చూస్త."

రాజేశ్వర్ రావు రాంచందర్ వైపు తిరిగాడు. "నువ్వన్నా ఏయి ఒక దెబ్బ. నువ్వేస్తె ఈళ్ల భయం పోతది."

ఒక సుత్తె ఇంకా కింద ఉంది. రాంచందర్ దాన్ని తీసుకున్నాడు. గుండు దగ్గరికి రెండడుగులు వేశాడు. రోజూ గజంబద్దకు బొట్టు పెట్టే వేళ్లు అవి. పసుపు పెచ్చుల మీద భార్య వేళ్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. నిర్మల ఆ చేతులనే చూసింది. ఈ మనిషిని ఇన్నేళ్లూ అనుమానించనందుకు, ఇప్పుడు నమ్మాలో లేదో తెలియనందుకు ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాంచందర్ సుత్తెను మెల్లగా, చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు. కుక్క దూరిన రోజు బద్దను పెట్టినట్టే పెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా కారు వైపు నడిచాడు.

తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు. అన్నం పెడితే తిన్నాడు, చాయ్ ఇస్తే తాగాడు. రాజేశ్వర్ రావు ఇంకెక్కడో ఇంకో గుట్ట చూసుకున్నాడని బజారులో అన్నారు. ఆ గుట్ట మీద ఎవరూ కొబ్బరికాయ కొట్టి ఉండరు.

మాఘమాసంలో ఒక రోజు నిర్మల ఒక్కతే ధర్మసాగర్ బస్సెక్కింది. దిగి నడుస్తూ, బాణాలు తుడిచిన మలుపుల్లో రెండుసార్లు దారి తప్పింది. గుట్ట వెనక్కు వచ్చేసరికి మనుషుల అలికిడి వినిపించింది. గుండు మీద ఎర్ర జెండా కట్టి ఉంది. మూడు బొట్లు ఇప్పుడు అరచేతులంత పెద్దవయ్యాయి, మీద మీద కుంకుమ పెట్టీ పెట్టీ. చుట్టూ పరుపుబండ మీద సున్నంతో పెద్ద గిరి గీశారు. తడిచీరలతో ఇద్దరాడవాళ్లు ప్రదక్షిణాలు చేస్తున్నారు.

సోమక్క గిరి బయట, బండ కొసకు జరిగి, చాటతో కందులు తూర్పారపడుతున్నది. జాగా చాలక సగం గింజలు మట్టిలో పడుతున్నాయి. నిర్మలను చూసి చాట ఆపలేదు.

"మూడు బొట్ల తల్లట. పెద్దమనుషులు పేరు పెట్టిన్రు. గిరి దాటి కాలు పెట్టొద్దట, కట్టె కొట్టొద్దట. సగం బండ నీ దేవతే తీస్కున్నది సావుకారమ్మా."

నిర్మలకు తాను ఏం ఆశించి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఒక మంచిమాట. అది రాకపోగా పొట్టు వచ్చి ముఖాన పడ్డది. దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"సోమక్కా, అది పెయింటని నీకూ ఎరుకే గద. నువ్వొక్క మాట చెప్తె..."

చాట ఆగింది. సోమక్క ప్రదక్షిణాలు చేస్తున్న వాళ్లను చూసింది, ఎర్ర జెండాను చూసింది, ఆ వెనక రాజేశ్వర్ రావు కారు వచ్చిన బాటను చూసింది.

"ఏ పెయింటు?" అన్నది.

నిర్మల ఆమె ముఖంలోకి చూసింది. తక్కెడ పళ్లాలు తిప్పి చూసిన చూపుతోనే చూసింది. కింద ఏమీ దొరకలేదు.

"గాలి తిరిగింది" అన్నది సోమక్క. "చెప్పులిడ్సి ఇటు రా. ఆ రెండో చాట అందుకో."

నిర్మల ఇంకో మాట అడగలేదు. చెప్పులు విప్పి, చాట అందుకున్నది.